వీడ్కోలు మిఠాయి మీద వెండి

మిఠాయి మీద వెండి వరఖ్ వేసేటప్పుడు మా ఇంట్లో ఎవరూ వంటింటి తలుపు తియ్యకూడదు. అది నేను పెట్టిన రూలు. సౌదీలో, అల్ ఖోబర్‌లో మేమున్న ఫ్లాట్‌లో రూల్స్ పెట్టే హక్కు నాకు వంటింట్లోనే ఉండేది కాబట్టి, అక్కడ మాత్రం గట్టిగా అమలు చేసేదాన్ని. పిల్లలు దాహమని తలుపు కొట్టినా సరే, "ఆగండి, వరఖ్ తీశాను" అంటే ఆగాల్సిందే. మా ఆయన "ఇదేం మడే బాబూ" అని వేళాకోళం చేసేవారు. మడే అనుకోండి. మడికైనా కాస్త వెసులుబాటు ఉంటుంది, వరఖ్‌కి లేదు.

తెలియనివాళ్ళకి చెప్పాలి. వరఖ్ అంటే వెండిని పలచగా, చేత్తో పట్టుకోలేనంత పలచగా సాగగొట్టిన రేకు. చిన్న పుస్తకంలా కుట్టిన కాగితాల మధ్య పెట్టి అమ్ముతారు. వేలు తగిలితే వేలికే అంటుకుపోతుంది. ఫ్యాను గాలికి లేస్తుంది, ఊపిరికి ముడుచుకుంటుంది. అందుకని ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపి, తలుపూ కిటికీ మూసి, ముక్కుకి చున్నీ కట్టుకుని పని మొదలుపెట్టేదాన్ని. జీడిపప్పు ముద్ద పళ్ళెంలో పరిచాక, అది ఇంకా కాస్త వెచ్చగా ఉండగానే కాగితాన్ని దాని మీద బోర్లించి, పైనుంచి మెత్తగా రాసి, ఒక అంచు పట్టుకుని నెమ్మదిగా లేపాలి. కాగితం నా చేతిలోకి వస్తుంది, వెండి మిఠాయి మీద ఉండిపోతుంది. ఎండాకాలం ఆ మూసిన గదిలో చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు.

మాది తెనాలి. మా వైపు ఇంట్లో చేసుకునే మిఠాయికి వెండి తొడిగే అలవాటు లేదు. సున్నుండ సున్నుండలాగే ఉంటుంది, అరిసె అరిసెలాగే ఉంటుంది. మొదటిసారి ఫోటో పంపితే మా అమ్మ "తినేదానికి నగలెందుకే" అంది. నాకు మాత్రం ఆ మెరుపు చూస్తే సరదా. మా ఆయన ఆయిల్ సర్వీస్ కంపెనీలో ఇంజినీరు. పొద్దున్నే వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవారు. పిల్లలిద్దరూ బడికి పోతే నాకు గోడలే తోడు. ఒక దీపావళికి కాజూ కత్లీ చేసి, వరఖ్ వేసి నలుగురికీ పంచాను. ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెప్పారు. కొన్నాళ్ళకి ఖోబర్‌లో, దమ్మామ్‌లో మన కుటుంబాల్లో ఏ శుభకార్యమైనా పళ్ళెం మా ఇంటి నుంచే వెళ్ళడం మొదలైంది. చదివిన డిగ్రీకి ఆ దేశంలో నాకు ఉద్యోగం లేదు. నా ఇఖామాలో, అంటే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్ కార్డులో, నేను ఫలానావారి భార్యని, అంతే. కానీ ఆ ఊళ్ళో మన ఆడవాళ్ళ మధ్య నాకంటూ ఒక పేరు వచ్చింది. ఎవరి ఆవిడనో చెప్పక్కర్లేకుండా "వరఖ్ అక్క" అంటే చాలు, తెలిసిపోయేది. అది నాకెంత ఇష్టంగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

వరఖ్ తెచ్చిపెట్టేది పిల్లల్ని బడికి తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవరు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, వయసులో పెద్దవాడు, అందరం భాయ్ అనేవాళ్ళం. సెలవుకి వెళ్ళొచ్చినప్పుడల్లా చార్మినార్ దగ్గరి గల్లీలో కొని, బట్టల మధ్య భద్రంగా పెట్టుకొచ్చేవాడు. ఒకసారి ఒక గుజరాతీ ఆవిడ ఫోన్ చేసి, వరఖ్‌ని జంతువుల పేగు పొరల మధ్య పెట్టి కొడతారటగా, మీది ఏ రకం అని అడిగింది. సాయంత్రం పిల్లల్ని దింపడానికి వచ్చిన భాయ్‌ని కిందే నిలబెట్టి అడిగాను.

"ఝూట్ ఎందుకు చెప్పాలె అమ్మా," అన్నాడు. "పాత పద్ధతిల గట్లనే కొడ్తరు. మీకు తెచ్చింది గదే. మీరు అడగలే, నేను చెప్పలే."

నేను వీధంతా వినపడేలా అరిచాను. శాకాహారులకి పెట్టానయ్యా, పూజలకి పంపానయ్యా అని. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. "మెషీన్‌ది దొర్కుతది అమ్మా, కాగితాల మధ్య చేస్తరు. ఇగ అదే తెస్త," అన్నాడు. నేను తెలిసిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి నిజం చెప్పి, తిట్లు తిన్నాను. మర్నాడు పొద్దున మా పిల్లలు మళ్ళీ ఆయన వ్యాన్‌లోనే బడికి వెళ్ళారు. ఆయనకి నేను టీ కూడా ఇచ్చాను. నా కోపం అంతే. ముక్కు మీద ఉంటుంది, తుమ్మితే పోతుంది. నా కోపం సంగతి మా ఇంట్లోవాళ్ళకి ఎందుకు తెలియలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక నితాకత్ సంగతి. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలని ప్రభుత్వం లెక్క పెట్టింది. ఉంటే కంపెనీ గ్రీన్, తగ్గితే ఎల్లో, ఇంకా తగ్గితే రెడ్. రెడ్‌లో పడితే బయటివాళ్ళ ఇఖామాలు రెన్యువల్ కావు. అది వచ్చిన కొత్తలో కూలిపనివాళ్ళు, చిన్న షాపులవాళ్ళు పోయారు. మనలాంటివాళ్ళకేం కాదులే అనుకున్నాం. తర్వాత కుటుంబాల మీద పన్ను వచ్చింది. భార్యకింత, ఒక్కో పిల్లకింత, నెలనెలా. అదీ ఏటేటా పెరుగుతుంది. ఇఖామా రెన్యువల్ చేయించాలంటే ఏడాది మొత్తానిదీ ముందే కట్టాలి. కొన్ని కంపెనీలు తమ ఉద్యోగుల బదులు తామే కట్టాయి. మా ఆయన కంపెనీ కట్టనంది.

అప్పట్నుంచి ఖోబర్‌లో మన ఇళ్ళు ఖాళీ అవడం మొదలైంది. భర్తలు ఉద్యోగంలో ఉండిపోతారు. భార్యాపిల్లలు ఫైనల్ ఎగ్జిట్ మీద, మళ్ళీ తిరిగి రాకుండా, వెళ్ళిపోతారు. వెళ్ళేవాళ్ళకి మిగిలినవాళ్ళు విందు ఇవ్వడం, విందులో నా కాజూ కత్లీ పెట్టడం, వెళ్ళిపోయే ఇల్లాలికి మొదటి ముక్క నోట్లో పెట్టి ఫోటో తీయడం, ఇదంతా ఎవరూ నిర్ణయించకుండానే ఆచారమైపోయింది. వెళ్ళేవాళ్ళు ఏడుస్తూ తినేవాళ్ళు, పెట్టేవాళ్ళు ఏడుస్తూ పెట్టేవాళ్ళు. ఒకప్పుడు పుట్టినరోజులకీ గృహప్రవేశాలకీ వేసిన వరఖ్, ఆ ఏడాది అచ్చంగా వీడ్కోళ్ళకే వేశాను.

ఒక్కో పళ్ళెం తయారుచేసినప్పుడల్లా నాకు అదే భయం. మన వంతు ఎప్పుడు? ఒక శుక్రవారం సాయంత్రం సముద్రపు ఒడ్డున కోర్నీష్ మీద నడుస్తూ మా ఆయన్ని సూటిగా అడిగేశాను. పిల్లలు ముందు పరిగెడుతున్నారు.

"ఏవండీ, మనమేం చేద్దాం? నాతో నిజం చెప్పండి."

"ఏం చేస్తాం, ఉంటాం," అన్నారు. "నేనున్నాను కదా. ఒకవేళ పంపించాల్సి వచ్చిందనుకో, ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని చేద్దాం. నీతో చెప్పకుండా ఏ పనైనా చేశానా?"

చెయ్యలేదు. అప్పటిదాకా చెయ్యలేదు. మాట ఇచ్చేటప్పుడు మనిషి చెయ్యి పట్టుకోవడం ఆయనకి అలవాటు. ఆ రోజూ పట్టుకున్నారు. నాకు కావలసింది ఆ దేశంలో ఉండిపోవడం ఒక్కటే కాదు. ఉండిపోవాలనే కోరుకున్నాను, దేవుడికి మొక్కుకున్నాను కూడా. కానీ వెళ్ళక తప్పకపోతే, వెళ్ళాలని నిర్ణయించే చోట నేనూ కూర్చోవాలి. నా ఇల్లు, నా పిల్లలు, నా పొయ్యి. ఆ మాట ఆయన ఇచ్చారు. నేను ఆ మాట పట్టుకుని హాయిగా నిద్రపోయాను.

మా పై అంతస్తులో కరీంనగర్ వైపు కుటుంబం ఉండేది. ఆవిడ నాకంటే చిన్నది. మా ఆయన్ని అన్నా అనేది, నన్ను వదినా అనేది. ప్రతి ఏడూ శ్రావణ పున్నమికి మెట్లు దిగొచ్చి ఆయన చేతికి రాఖీ కట్టేది. మా వైపు ఆ హడావుడి లేదు కాబట్టి మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత "ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు, జాగ్రత్తగా ఉండాలి నీతో" అని ఆటపట్టించేదాన్ని. రోజూ సాయంత్రం మా ఇంట్లోనే టీ. నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేది, ఆమెకి రెండో కాన్పు అయినప్పుడు నేను పథ్యం వండిపెట్టాను. వాళ్ళాయన కంపెనీ పన్ను తనే కడుతోంది. అందుకని వాళ్ళకి వెళ్ళిపోయే భయం లేదు. నాకు అసూయ లేదంటే అబద్ధం. కానీ ఆమె ఉంటుంది, నేనూ ఉంటాను అనుకున్నాను.

రంజాన్ నెల దగ్గరపడింది. ఆ నెల వస్తే పగటిపూట విందులుండవు, రాత్రిళ్ళు ఎవరి హడావుడి వాళ్ళది. అందుకని వీడ్కోలు విందులన్నీ ముందే ముగించాలని అందరికీ తొందర. ఒకరోజు సాయంత్రం ఆమె టీ తాగుతూ ఆర్డరు చెప్పింది.

"వదినా, గురువారం నాడు మా ఇంట్ల పార్టీ. పెద్ద పళ్ళెం గావాలె. వరఖ్ మంచిగ నిండుగ కప్పాలె."

"ఎవరికి అమ్మాయ్? ఈసారి ఎవరు?"

ఆమె గ్లాసులోకి చూసింది. "మా ఆయన దోస్తు వాళ్ళు వదినా. దమ్మామ్ల ఉంటరు. నీకు తెల్వదు."

"పాపం. పిల్లలున్నారా?"

"ఉన్నరు," అంది. "ఇద్దరు."

నేను ఆ తెలియని ఆవిడ కోసం జాలిపడ్డాను. ఆ ముక్క గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాపం అన్నాను. పాపం అని, ఇద్దరు పిల్లల్ని వేసుకుని ఒక్కతే ఎలా వెళ్తుందో అని కూడా అన్నాను. ఆమె లేచి, పని ఉందని వెళ్ళిపోయింది. టీ సగం అలాగే వదిలేసింది.

రెండు రోజులకి భాయ్ వరఖ్ ప్యాకెట్ తెచ్చిచ్చాడు. ఎవరో తెలిసినవాళ్ళు హైదరాబాద్ నుంచి వస్తుంటే తెప్పించాడట. చేతిలో పెడుతూ, "ఇదే ఆఖరి ప్యాకెట్ గదమ్మా," అన్నాడు. డ్రైవర్ల ఇఖామాలు కూడా అప్పుడు వరసగా పోతున్నాయి. ఈయన వంతు వచ్చిందనుకున్నాను. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీరెప్పుడు వెళ్తున్నారు భాయ్?"

ఆయన అయోమయంగా చూసి, నేల చూపులు చూశాడు. "అల్లా మాలిక్ అమ్మా," అని వ్యాన్ ఎక్కేశాడు. అసలు సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మళ్ళీ అదే లెక్క.

గురువారం మధ్యాహ్నం మా ఆయన తొందరగా ఇంటికొచ్చారు. పిల్లలు ఇంకా రాలేదు. నేను కత్లీ ముద్ద పరిచి, ఆయనకి అన్నం పెట్టి, వంటింటి తలుపు మూసుకున్నాను. "వరఖ్ తీస్తున్నాను, పిలవకండి" అని చెప్పి మరీ మూశాను. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపాను. మా హాల్లో పాత విండో ఏసీ ఉండేది, అది లారీ ఇంజనులా మోగుతుంది. దాని పక్కన కూర్చుని ఫోన్ మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే. అలా పెంచినా, మామూలుగా వంటింట్లో ఫ్యాను మోతకి నాకేదీ వినపడదు. వరఖ్ వేసేటప్పుడు ఫ్యాను ఆపుతానని మా ఆయనకి తెలియదు. తెలిసే వీలేదీ? ఆ సమయంలో ఎవర్నీ లోపలికి రానిచ్చేదాన్ని కాదుగా.

కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని పళ్ళెం మీదికి వంచుతున్నాను. ఊపిరి బిగబట్టాను. అప్పుడు వినపడింది.

"లేదమ్మా, ఇంకా చెప్పలేదు," అంటున్నారు మా ఆయన. అమ్మా అని ఆయన పిలిచేది పైనావిడనే. "ఎగ్జిట్ కొట్టించేశాను, ఆన్‌లైన్లో అయిపోయింది. టికెట్లు కూడా తీశాను... వచ్చే వారమే... ఇప్పుడు చెప్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. నీకు తెలుసుగా దాని సంగతి. అక్కడ అందరిముందూ చెప్తే నోరెత్తదు, పరువుకి భయపడుతుంది... అదేం లేదు, ఏడుస్తుంది, సర్దుకుంటుంది... నువ్వు మాత్రం నోరు జారకు. రాఖీ కట్టిన అన్నకి మాటిచ్చావు."

కాగితం నా చేతుల్లోనే ఉంది. వదిలితే వెండి పాడవుతుంది. ఊపిరి వదిలినా పాడవుతుంది. మనిషికి ఎంత పెద్ద దెబ్బ తగిలినా చేతిలో పని ఉంటే చెయ్యి దాని పని అది చేసుకుపోతుందని నాకు ఆ రోజే తెలిసింది. కాగితం బోర్లించాను. పైన రాశాను. అంచు పట్టుకుని లేపాను. ఎక్కడా చిరగలేదు. తర్వాతి కాగితం తీశాను. అవతల ఆయన ఫోన్ పెట్టేసి, మజ్జిగ పోసుకుని అన్నం తినడం ముగించిన చప్పుడు కూడా విన్నాను.

మొత్తం పళ్ళెం కప్పాక స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. నన్ను పంపించే విందుకి నా చేతులతోనే పళ్ళెం చేశాను. వాళ్ళకీ వేరే దారి లేకపోయింది కాబోలు. ఖోబర్‌లో నా పళ్ళెం లేని వీడ్కోలు ఉండదు. వేరేచోట తెప్పిస్తే ఎందుకని నేనే అడిగేదాన్ని. అందుకని ఆర్డరు నాకే ఇచ్చారు. పెళ్ళికూతురి చేతే పందిరి వేయించారు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో సామెతలో వినడం వేరు. ఆ గుడ్డ నా చేతే తడిపించారు.

తలుపు తీసుకుని బయటికి వచ్చి అరిచేయాలనిపించింది. కానీ ఆయనకి ఒక్క అవకాశం ఇద్దామనుకున్నాను. ఎందుకిచ్చానో తెలియదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అబద్ధం చెప్పని మనిషి, అడిగితే చెప్తాడేమో అని ఆశ. మొహం కడుక్కుని హాల్లోకి వెళ్ళాను. ఆయన టీవీ పెట్టుకున్నారు.

"ఈ పార్టీ ఎవరికండీ?" అన్నాను.

"దమ్మామ్‌లో ఎవరో ఫ్యామిలీ. నీకు తెలీదులే," అన్నారు, టీవీ మీంచి కళ్ళు తియ్యకుండా.

"మనం ఉంటాం కదండీ?"

ఇప్పుడు నావైపు తిరిగారు. నవ్వారు. నా చెయ్యి పట్టుకున్నారు. "ఉండక? పిచ్చిదానా. నీతో చెప్పకుండా ఏ పనైనా చేశానా?"

ఎక్కడా తడబాటు లేదు. అదే మాట, అదే చెయ్యి. కోర్నీష్ మీద అన్నప్పుడు అది నిజమో, అప్పుడు కూడా ఇలాగే అన్నారో నాకు తెలియలేదు. నాకు అసలైన దెబ్బ అక్కడ తగిలింది. పంపించడం దెబ్బ కాదు. పన్ను కట్టలేక పంపిస్తే ఎవరు తప్పు పడతారు? ఊళ్ళో సగం మంది పంపించారు. ఆయన కూర్చోబెట్టి చెప్పి ఉంటే నేను అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, రెండు రోజులు అన్నం వండేదాన్ని కాదు. మూడో రోజు పెట్టెలు సర్దేదాన్ని. ఆ రెండు రోజులు భరించలేక ఆయన నన్ను నట్టేట ముంచారు.

నేను చెయ్యి వెనక్కి తీసుకుని, పళ్ళెం ముక్కలు కొయ్యాలని లోపలికి వెళ్ళాను.

సాయంత్రం పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళాం. పిల్లలు బడి నుంచి వచ్చి బట్టలు మార్చుకుని మాతో వచ్చారు. తెలిసినవాళ్ళంతా ఉన్నారు. దమ్మామ్ ఫ్యామిలీ ఎవరూ కనపడలేదు, నేనూ అడగలేదు. ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఒక్కొక్కరి మొహంలోకీ చూశాను. ఆ ఏడాది ఎన్ని ఇళ్ళ వాళ్ళకి నేను వీడ్కోలు మిఠాయి పెట్టానో, వాళ్ళ పక్కన ఎన్నిసార్లు ఏడ్చానో వాళ్ళకి తెలుసు. ఒక్కరికీ నా చెవిన ఒక మాట వెయ్యాలనిపించలేదు.

భోజనాలయ్యాక మా ఆయన లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకుని, నవ్వుతూ, "ఒక చిన్న సర్‌ప్రైజు," అన్నారు. మా ఆవిడా పిల్లలూ వచ్చే వారం ఇండియా వెళ్తున్నారు, ఈ పార్టీ వాళ్ళకే అన్నారు. మా ఆవిడకి అత్తారింటి కంటే పుట్టిల్లే ఇష్టం కదా అని హాస్యమాడారు. కొందరు నవ్వారు. అందరూ నావైపు తిరిగారు, బాంబు పక్కన నిలబడ్డట్టు భయంగా.

నేను ఖాళీ ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

పైనావిడ పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని నా దగ్గరికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొద్దున్నుంచి ఏడ్చినట్టుంది. "వదినా, నోరు తెరువు," అంది గొణుగుతున్నట్టు. ఎవరో ఫోన్ పైకెత్తి ఫోటోకి సిద్ధంగా నిలబడ్డారు. నేను తన చెవిలో అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"నెల దాటింది వదినా. నాకు నిద్ర పట్టలే. చెప్పుమని అన్నతోని ఎంత కొట్లాడిన. ఒట్టేపిచ్చుకున్నడు. రాఖీ మీద ఒట్టు."

"రాఖీ ఆయనకి కట్టావు," అన్నాను. "నెల రోజులు టీ మాత్రం నా చేతిది తాగావు."

నేను నోరు తెరిచాను. ఆమె ముక్క పెట్టింది. ఫోటో తీశారు. ఆమె వేళ్ళకి వెండి అంటుకుంది, నా పెదవికి కూడా అంటుకుంది. మిఠాయి బాగా కుదిరింది. ఆ మాట ఎందుకు చెప్తున్నానంటే, నిజంగానే బాగా కుదిరింది. నాకు ఆ రుచి మీద కూడా కోపం వచ్చింది.

నములుతూ మా అమ్మాయి కోసం చూశాను. దానికి పద్నాలుగేళ్ళు. ఆ స్కూల్లోనే చిన్నప్పట్నుంచి చదివింది, దాని ప్రాణమంతా ఆ స్నేహితుల మీదే. ఈ వార్త వింటే అది విరుచుకుపడుతుంది, దాన్ని ఎలా పట్టుకోవాలో అనుకుంటూ చూశాను. అది సోఫా చివర తమ్ముడి పక్కన కూర్చుని ఉంది. తల వంచుకుని ఉంది. ఆశ్చర్యం లేదు, ఏడుపు లేదు. వెళ్ళి దాని ముందు కూర్చున్నాను.

"నీకు తెలుసా?"

అది తల ఊపింది.

"ఎప్పట్నుంచి?"

"నాన్న స్కూలుకొచ్చి టీసీకి రాసిచ్చినప్పట్నుంచి. మా ఫ్రెండ్స్‌కి బై కూడా చెప్పేశానమ్మా." అప్పుడు ఏడ్చింది. "నాన్న నీకు చెప్పొద్దన్నాడు. నువ్వు అరుస్తావని."

అది స్నేహితులందర్నీ విడిచిపెట్టి, ఇంటికొచ్చి, నేను పెట్టిన అన్నం తిని, ఏమీ జరగనట్టు హోంవర్కు చేసుకుంది. అంత దుఃఖం ఇంట్లో తల్లి ఉండగా ఒక్కతే దాచుకుంది. దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. మా ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం ఒక రకం. అప్పుడు పుట్టింది వేరే. నేనంటే నా బిడ్డకి భయం నేర్పి, ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని తన పని చక్కబెట్టుకున్నారు. నాకు కోపం ఎక్కువే, ఒప్పుకుంటాను. అయితే? కోపమున్నవాళ్ళకి నిజం చెప్పకూడదని ఎక్కడ రాసుంది?

అందరూ ఎదురుచూసిన అరుపు నేను అరవలేదు. పిల్లల్ని తీసుకుని అందరికీ వెళ్ళొస్తానని చెప్పాను. ప్రతి ఆడమనిషికీ పేరుపేరునా చెప్పాను. మెట్లు దిగుతుంటే మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన మొహం తేలికపడింది. బరువు దించుకున్న కూలీ మొహంలా ఉంది.

"ఎంత భయపడ్డానో తెలుసా?" అన్నారు. "నువ్వింత బాగా అర్థం చేసుకుంటావనుకోలేదు. థాంక్స్."

వారం తిరక్కుండా తెనాలిలో ఉన్నాం. ఆయన అక్కడ ముగ్గురితో కలిసి బ్యాచిలర్ రూంలో కొన్నాళ్ళుండి, ఆ కంపెనీ కూడా తీసేశాక వచ్చేశారు. పైనావిడ చాలాసార్లు ఫోన్ చేసింది. మాట్లాడతాను, పిల్లల గురించి అడుగుతాను, పెట్టేస్తాను. ఇంటికి ఎవరైనా చుట్టాలొచ్చి గల్ఫ్ కబుర్లు అడిగితే మా ఆయన ఆ సంగతి గర్వంగా చెప్తారు. అంత పెద్ద విషయం అందరిముందూ చెప్పినా మా ఆవిడ పల్లెత్తు మాట అనలేదండీ, బంగారం అంటారు. చుట్టాలు నావైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్తాను.

ఆయన ఎక్కడికైనా వెళ్తుంటే ఎక్కడికని అడగను. ఆలస్యంగా వస్తే ఎందుకని అడగను. బ్యాంకు కాగితాలు సంతకానికి నా ముందు పెడితే ఏమిటివని అడగను. వయసొచ్చాక నెమ్మదించావు అంటారు ఆయన. అడిగితే చెప్తారు, నవ్వుతూ చెప్తారు, చెయ్యి పట్టుకుని మరీ చెప్తారు. అందుకే అడగను.